పొగమంచు పంచాంగం

డిసెంబరు సగానికొచ్చిందంటే ఢిల్లీ చుట్టుపక్కల మూడు పంచాంగాలు ఒకేసారి పేజీ తిప్పుతాయి. మొదటిది మనది. సూర్యుడు ధనూరాశిలోకి వెళ్ళగానే ధనుర్మాసం వస్తుంది, వైష్ణవాలయాల్లో తెల్లవారకముందే తిరుప్పావై మొదలవుతుంది, శుభకార్యం అంటే మాత్రం పురోహితుడు తల అడ్డంగా ఊపుతాడు. రెండోది ఇక్కడివాళ్ళది. అదే సంక్రమణం వీళ్ళకు ఖర్మాస్. మకర సంక్రాంతి దాకా పెళ్ళి ఊరేగింపులు బందు, కొత్తింట్లో పాలు పొంగించడం బందు. నవంబరంతా మా రోడ్డుకు అడ్డంగా చిందులేసిన బ్యాండు మేళాలు ఒక్క రోజులో మాయమవుతాయి. మూడోది యమునా ఎక్స్‌ప్రెస్‌వే వాళ్ళది. డిసెంబరు 15 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఆ రోడ్డు మీద కార్లు గంటకు 100 కిలోమీటర్లు కాదు, 75 దాటకూడదు. లారీలకు, బస్సులకు ఇంకా తక్కువ. కారణం పొగమంచు. ఈమధ్య ఏటా ఇదే తంతు.

ఈ మూడు పంచాంగాలూ ఈసారి మా ఇంటి మీదే వచ్చి పడ్డాయి. మా చెల్లెలి కొడుక్కి కార్తీకంలో పెళ్ళయింది. కోడలిది జగిత్యాల వైపు. ఇద్దరూ హైదరాబాదులోనే ఉద్యోగాలు. తాళి కట్టిన పసుపు ఇంకా ఆరకముందే అమ్మాయికి నోయిడా బదిలీ వచ్చింది. అబ్బాయిది ఇంట్లో కూర్చుని చేసే పనే కాబట్టి, గ్రేటర్ నోయిడా వెస్ట్‌లో పదిహేడో అంతస్తులో ఒక ఫ్లాటును వీడియో కాల్లో చూసి, ఫోన్లోనే అడ్వాన్సు కట్టేశారు. అక్కడిదాకా ఎవరికీ అభ్యంతరం లేదు. విమానం వద్దు, రైలు వద్దు, మా కారులోనే వెళ్తాం అన్నప్పుడు లేచింది గోల.

"అక్కా, నువ్వయినా చెప్పవే. చలికాలం, పైగా కొత్త జంట" అని మా చెల్లెలు పూటకో ఫోను. నేను చెప్పలేదు. నాకు లోపల సంతోషంగా ఉంది. మా తరం తెలుగువాళ్ళ ఢిల్లీ కాపురాలన్నీ ఏపీ ఎక్స్‌ప్రెస్ బెర్తుల కింద వచ్చాయి. 1976లో మొదలైన ఆ రైలు రాష్ట్రం విడిపోయాక తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయింది. రైల్లో సాయంత్రానికి మహారాష్ట్ర, నిద్ర లేచేసరికి ఇంకో దేశం. స్వెట్టర్ తీసి వేసుకునే లోపే చలి ఎముకల్లోకి వెళ్ళిపోయేది. విమానమైతే మరీ అన్యాయం, రెండు గంటల్లో ముప్ఫై డిగ్రీల నుంచి ఎనిమిదికి తోసేస్తుంది. రోడ్డు మీద వచ్చేవాళ్ళకే చలి మెట్టు మెట్టుగా పరిచయమవుతుంది. ఆ సుఖం వీళ్ళకు దక్కుతోంది కదా, మధ్యలో నేనెందుకు?

కారు అమ్మాయిది, పెళ్ళికి ముందు తన జీతంతో కొనుక్కున్నది. కాబట్టి స్టీరింగు ఎక్కువసేపు ఎవరి చేతిలో ఉండాలన్న చర్చ రాలేదు. సామాన్లన్నీ లారీలో వేశారు. కారులో మాత్రం రెండు వైపుల అమ్మలూ పోటీ పడి సర్దారు. ఒక వైపు నుంచి ఆవకాయ, గోంగూర జాడీలు, అరిసెల డబ్బా, సున్నుండలు. ఇంకో వైపు నుంచి సకినాలు, గారెలు, ఒడిబియ్యం మూట. వెనక సీటు మధ్యలో ప్రెషర్ కుక్కర్, దాని మీద దేవుడి పటం, పటం చుట్టూ పెళ్ళి దుప్పటి. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించి, పన్నెండో తారీఖు తెల్లవారుజామున మేడ్చల్ దాటించారు. పద్నాలుగో తారీఖు సాయంత్రానికి నోయిడా చేరాలన్నది లెక్క. ఆ లెక్క ఏమైందో చెప్తాను.

దారి చాలా సులువు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే ఆగ్రా దాకా దిగక్కర్లేదు. హైదరాబాదు నుంచి నోయిడాకు పదిహేను వందల కిలోమీటర్ల పైచిలుకు. నంబర్లు మార్చక ముందు హైదరాబాదు, నాగపూర్ మధ్య ముక్క 7వ నంబరు రహదారిలో భాగం. కాశీని కన్యాకుమారితో కలిపిన దారది. తెలుగువాళ్ళకు ఆ దారి కొత్తేమీ కాదు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో పరివారంతో బయల్దేరి హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగానే కాశీకి వెళ్ళాడు. పల్లకీ, గుడారాలు, బోయీలు. ఏ మజిలీలో నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ బియ్యం దొరుకుతాయి, ఏ వాగు ఎలా దాటాలి అన్నీ ఉత్తరాల్లో రాసిపెట్టాడు. అవే కాశీయాత్ర చరిత్ర అయ్యాయి. మావాడు కూడా రాశాడండోయ్, వాట్సాప్‌లో. ఏ టోలు గేటు దగ్గర బాత్రూం శుభ్రంగా ఉంది, ఎక్కడ టీలో అల్లం వేస్తారు, ఎక్కడ చపాతీ తప్ప ఏమీ లేదు. రెండు శతాబ్దాలు కావస్తున్నా మన ప్రయాణికుడి చింతలు అవే.

నిర్మల్ ఘాట్ ఎక్కుతుంటే మొదటి మెట్టు చలి. తెలంగాణలో చలి పుట్టిల్లు ఆదిలాబాదు. డిసెంబరులో అక్కడి పల్లెల్లో 5, 6 డిగ్రీలకు దిగడం వింత కాదు. అమ్మాయి అక్కడే శాలువా తీసింది. పత్తి కాలం కదా, రోడ్డు పొడవునా ఎత్తుగా పత్తి నింపుకున్న ట్రాక్టర్లు ఆదిలాబాదు మార్కెట్ వైపు నెమ్మదిగా కదులుతుంటాయట. ఒక్కో ట్రాక్టరును దాటడం ఒక్కో ఘనకార్యం. గుడిహత్నూర్ దగ్గర కుడికి తిరిగితే ఇంద్రవెల్లి, కేస్లాపూర్. పుష్య మాసం అమావాస్యకు అక్కడ నాగోబా జాతర. మెస్రం వంశపు గోండులు కాలినడకన గోదావరికి వెళ్ళి నీళ్ళు తెచ్చి అభిషేకం చేస్తారు. "నెల రోజులు ఆగి బయలెల్లితే జాతర చూసి పోతుంటిమి" అని అమ్మాయి. ఆగితే నోయిడాలో ఫ్లాటు అద్దెకిచ్చిన ఇంటావిడ ఊరుకుంటుందా?

పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. హింగన్‌ఘాట్ ఊరిని మావాళ్ళు బైపాస్ మీదుగా సర్రున దాటేశారు. నేను వాళ్ళకు ఫోన్లో చెప్పాలనుకుని మరిచిపోయిన కథ ఒకటుంది, మీకైనా చెప్తాను. భారతదేశాన్ని కొలవడానికి 1802లో మద్రాసు దగ్గర గొలుసు పరిచిన విలియం లాంబ్టన్ అనే తెల్ల దొర, ఇరవై ఏళ్ళు త్రికోణాలు గీస్తూ గీస్తూ ఉత్తరానికి జరిగి, తన మకాం హైదరాబాదు నుంచి నాగపూరుకు మారుస్తూ 1823 జనవరిలో దారిలోనే హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. సమాధి అక్కడే ఉంది. ఆయన తర్వాత ఆ పని అందుకున్నవాడే ఎవరెస్టు. హైదరాబాదు నుంచి చలికాలంలో మకాం మార్చినవాళ్ళ జాబితాలో లాంబ్టన్ పేరు ఉందని చెప్తే మా చెల్లెలు ఇంకా హడలిపోయేది. చెప్పకపోవడమే మంచిదయింది.

నాగపూరు పొలిమేరల్లో రోడ్డు పక్కన కమలాపళ్ళు గుట్టలు పోసి అమ్ముతున్నారు. సీజను మంచి ఊపు మీదున్న రోజులు. ఒక బుట్ట కొని కారులో ఖాళీ ఎక్కడుందా అని వెతికితే, ప్రెషర్ కుక్కర్ లోపల మిగిలిందట. నింపేశారు. రాత్రికి నాగపూరులోనే బస.

మర్నాడు ఉదయం పెంచ్ అడవి. ఆ ముక్క రోడ్డు గురించి ఏళ్ళ తరబడి కోర్టుల్లో వాదనలు జరిగాయి. పులుల అడవిని చీల్చుకుంటూ నాలుగు వరసల రోడ్డు వేస్తే జంతువులు ఎటు దాటాలి? చివరికి రోడ్డునే స్తంభాల మీదకు ఎత్తి, కింద అడవిని అడవిలాగే వదిలేశారు. అలాంటి దారుల్లో ఒకటి 750 మీటర్ల పొడవుంటుంది. కెమెరాలు పెట్టి చూస్తే పులులు, రేచుకుక్కలు, జింకలు నిజంగానే కింద నుంచి దాటుతున్నాయని తేలింది. మా కోడలు ఆ వంతెనల మీద వేగం తగ్గించిందట, పులి కనపడుతుందేమోనని. పులి కింద, వీళ్ళు పైన. కనపడకపోవడమే కదా ఆ ఏర్పాటు!

లఖ్‌నాదోన్ దగ్గర కాశీకి పోయే పాత దారి జబల్పూరు వైపు విడిపోతుంది, మనది నర్సింగ్‌పూర్ వైపు. ఇక్కడ మాత్రం మావాళ్ళు లెక్క తప్పారు. నర్సింగ్‌పూర్, కరేలీ చుట్టుపక్కలంతా చెరకు. చలికాలంలో పొలాల్లోనే బెల్లం వండుతారు. కరేలీ బెల్లం అంటే మధ్యప్రదేశ్‌లో పేరున్న సరుకు. రోడ్డు మీదకే ఆ వాసన వస్తుంటే అబ్బాయి ఆగుదామన్నాడు. పొయ్యి దగ్గర రైతు వేడి పాకం ఆకులో పోసి ఇచ్చాడు. తిన్నారు, కబుర్లు చెప్పారు, ఫోటోలు తీశారు, బెల్లం దిమ్మ కొన్నారు. ఆ పైన నర్మద ఒడ్డున బర్మాన్ ఘాట్‌లో దిగి నీళ్ళు చల్లుకున్నారు. సంక్రాంతికి అక్కడ పెద్ద జాతర జరుగుతుంది. అప్పటికే దుకాణాల వాళ్ళు కర్రలు పాతుకుంటున్నారట. ఝాన్సీ చేరాల్సిన వాళ్ళు చీకటి పడేసరికి సాగర్ దాటలేదు. సరే, అక్కడే ఆగమన్నాను. చలికాలంలో ఉత్తరాదిన చీకట్లో నడపకపోతే ప్రయాణంలో సగం ప్రమాదం తప్పినట్టే.

పద్నాలుగో తారీఖు లలిత్‌పూర్, ఝాన్సీ. కోట దూరం నుంచి చూశారు, ఎక్కలేదు. ఎక్కి ఉంటే వాళ్ళ కాళ్ళు కూడా కాస్త సాగేవి. గ్వాలియర్ చేరేసరికి అమ్మాయి ఒంటి మీద శాలువా, దాని మీద స్వెట్టర్, దాని మీద మావాడి జాకెట్. ఆ రాత్రే ఇంటావిడ నాకు ఫోన్ చేసింది. ఆమె బులంద్‌షహర్ వైపు మనిషి, మంచిది, నోరు గట్టిది. "బెహన్‌జీ, రేపు రాత్రి దాటితే ఖర్మాస్. రేపటిలోగా దూధ్ ఉబాల్ దేనా. లేకపోతే సంక్రాంతి దాకా పిల్లల్ని మీ ఇంట్లోనే ఉంచుకోవాలి." అద్దె ఇంటికి కూడా ముహూర్తమా అని మీరు అడగొచ్చు. అడగకండి. అద్దె ఆమెది, ఇల్లు ఆమెది, నమ్మకం కూడా ఆమెది. కాసేపటికి జగిత్యాల నుంచి వియ్యపురాలు ఫోను. వాళ్ళ అయ్యగారు కూడా ధనుర్మాసం పడకముందే ఇల్లు చేరమన్నారట. భాష వేరు, తారీఖు ఒకటే. జీవితంలో ఒక్కసారన్నా ఉత్తరాది అత్తలూ దక్షిణాది అత్తలూ ఒక మాట మీద నిలబడటం చూశాను.

పదిహేనో తారీఖు పొద్దున గ్వాలియర్‌లో కళ్ళు తెరిస్తే కిటికీ బయట ఏమీ లేదు. అమ్మాయి ఫోను: "అత్తమ్మా, పొద్దుగాల పదైనా ముంగటి బండి కనబడ్తలేదు. ఆగుదామంటే ఈయన ఇంటలేడు." ఆగమని నేనూ చెప్పాను. ఇక్కడ ఒక్క నిమిషం పొగమంచు గురించి మాట్లాడుకోవాలి, ఎందుకంటే మనవైపు మంచు వేరు, ఇది వేరు. మనకు మంచంటే తెల్లవారుజామున చెరువు మీద పొర, ఏడింటికి కరిగిపోతుంది. గంగా యమునా మైదానంలో ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి కదలక, పొలాల్లో తడి ఉన్న రాత్రి నేల వేడంతా పోగొట్టుకుని చల్లబడుతుంది. నేలకు ఆనుకున్న గాలిలోని తేమ బొట్లుగా మారి అక్కడే కూర్చుంటుంది. పైన వెచ్చటి గాలి మూతలా పడటంతో కింద పొగ, దుమ్ము కూడా దాంట్లోనే కలుస్తాయి. పశ్చిమం నుంచి మబ్బు తెర ఒకటి వచ్చి నాలుగు చినుకులు రాల్చి పోయిందంటే ఆ మర్నాటి నుంచి ఇంకా చిక్కబడుతుంది. చూపు 200 మీటర్ల లోపు ఆగితే వాతావరణ శాఖ లెక్కలో దట్టమైన పొగమంచు. 50 లోపైతే అతి దట్టం. ఆ రెండో రకంలో కారు బానెట్ చివర కనపడితే అదృష్టం.

దీంట్లో నడిపే పద్ధతి ఇక్కడి లారీ డ్రైవర్లు చెప్పగా నేర్చుకున్నాం. హై బీమ్ వేయకూడదు, వెలుతురు మంచుకు తగిలి మన కళ్ళలోకే తిరిగొస్తుంది. లో బీమ్, ఫాగ్ లైట్లు చాలు. అద్దం లోపల ఆవిరి పట్టకుండా గాలి వదలాలి. ఎడమ పక్కన తెల్ల గీతను వదలకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కనపడటం లేదని రోడ్డు మీద బండి ఆపకూడదు. ఆగితే వెనక వచ్చేవాడికి మనమూ కనపడం. పూర్తిగా దిగిపోయి, పెట్రోలు బంకులోనో ధాబాలోనో ఆగాలి. చాలామంది నాలుగు ఇండికేటర్లూ వెలిగించి నడుపుతారు, అదీ తప్పే. ఎటు తిరుగుతున్నారో వెనకవాళ్ళకు తెలియదు.

పదకొండుకు కాస్త పలచబడ్డాక కదిలారు. మొరేనాలో గజక్. నువ్వులు, బెల్లం పాకం కలిపి చెక్క సుత్తులతో బాది బాది పొరలు తేల్చే మిఠాయి. మన నువ్వుల జీడికి పెద్దన్నయ్య అనుకోండి. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మొరేనా దాటాక చంబల్ లోయలు. సినిమాల్లో బందిపోట్లకు పేరు మోసిన ఆ లోయల కింద నదిలో ఇప్పుడు ఘరియల్ మొసళ్ళ అభయారణ్యం. చలికాలం ఎండలో అవి ఇసుక మీదకొచ్చి పడుకుంటాయి. వంతెన మీద ఆగడానికి లేదు కాబట్టి మావాళ్ళకు ఇసుక మాత్రమే కనిపించింది. ధోల్‌పూర్ దగ్గర ముక్క రాజస్థాన్ తగిలి వెంటనే ఉత్తరప్రదేశ్. ఆగ్రాలో తాజ్‌మహల్‌కు టైం లేదు, పేఠాకు మాత్రం ఉంది. మనం దిష్టి తీసి నడిరోడ్డు మీద పగలగొట్టే బూడిద గుమ్మడికాయను ఆగ్రా వాళ్ళు సున్నపు నీళ్ళల్లో నానబెట్టి పాకంలో ఉడికించి డబ్బాల్లో అమ్ముతారు. కారుకు దిష్టి తీసిన గుమ్మడికాయ ఖర్చు ఇక్కడ రాబట్టుకున్నామని మావాడి లెక్క.

ఆగ్రా బయట కుబేర్‌పూర్ దగ్గర యమునా ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కారు. 165 కిలోమీటర్ల సిమెంటు రోడ్డు, 2012లో మొదలయింది. ఇక్కడొక చిన్న షాకు. దారి పొడవునా ఫాస్టాగ్ ఏడాది పాసు వాడుకుంటూ వచ్చారు. 2025 ఆగస్టు 15న వచ్చిన పాసది, మొదట్లో 3,000 రూపాయలకు 200 టోలు ప్రయాణాలు. జాతీయ రహదారి మీద చెల్లుతుంది. ఇది రాష్ట్రప్రభుత్వ ఎక్స్‌ప్రెస్‌వే కదా, ఇక్కడ చెల్లదు, మామూలు టోలు పడింది. సరిగ్గా ఆరోజు నుంచే 75 పరిమితి. చీకటి పడుతోంది, కెమెరాలున్నాయి, ఖాళీ రోడ్డు ఊరిస్తోంది. ఇంటావిడ గంటకొకసారి ఫోను. "పెద్దమ్మా, చేరిపోయామని ఆంటీజీకి చెప్పేయవా, ఇంకో రెండు గంటల్లో నిజంగానే చేరిపోతాం" అని మావాడి సలహా. నేను చెప్పలేదు. మథుర దాటాక మళ్ళీ మంచు దిగింది. 75 కాదు, 40లో వచ్చారు. ఆ రోడ్డు మీద మంచులో ఒకదాని వెనక ఒకటి బళ్ళు గుద్దుకున్న వార్తలు ప్రతి చలికాలం చదువుతూనే ఉన్నాం. అమ్మాయి చేతిలో స్టీరింగు ఉన్నందుకు ఆ రాత్రి దేవుడికి మనసులోనే కొబ్బరికాయ మొక్కుకున్నాను.

పరీ చౌక్ దాటి, సొసైటీ గేటు దగ్గరకు వచ్చేసరికి తొమ్మిదిన్నర. అక్కడ సెక్యూరిటీ అబ్బాయి: "టీజీ? యే కౌన్ సా స్టేట్ హై?" 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చిన సంగతి గ్రేటర్ నోయిడా దాకా ఇంకా రాలేదు. ఓటీపీ, అద్దె ఒప్పందం కాగితం, పోలీసు వెరిఫికేషన్ రసీదు, ఆధార్ నకళ్ళు, అన్నీ చూపించాక గానీ లిఫ్టు దొరకలేదు. పైన ఇంటావిడ శాలువా కప్పుకుని, చేతిలో పాల ప్యాకెట్టు పట్టుకుని సిద్ధంగా ఉంది. పైపు గ్యాస్ ఇంకా ఇవ్వలేదు. నా ఇండక్షన్ పొయ్యి పట్టుకెళ్ళాను. కుక్కర్లోంచి కమలాపళ్ళు తీసి నేల మీద పోసి, కడిగి, దాంట్లోనే పాలు పొంగించారు. ఇండక్షన్ మీద పాలు పొంగితే పొయ్యి ఆగిపోతుంది. ఆగింది కూడా. పొంగాయి కదా, చాలు అని ఇద్దరు అత్తలం తీర్మానించాం. అప్పటికి పదీ నలభై. ఖర్మాస్ ఇంకా కొన్ని గంటల దూరంలో ఉంది.

ఇక నాలుగో పంచాంగం సంగతి, అదే గాలిది. ఢిల్లీ వాళ్ళు గ్రాప్ అంటారు, 2017 నుంచి ఉంది. గాలి నాణ్యత సూచీ 200 దాటితే మొదటి దశ, 300 దాటితే రెండు, 400 దాటితే మూడు, 450 దాటితే నాలుగు. మూడో దశలో బీఎస్ 3 పెట్రోలు, బీఎస్ 4 డీజిలు కార్లు ఢిల్లీలో, పక్కనున్న గురుగ్రామ్, ఫరీదాబాద్, ఘజియాబాద్, గౌతమ్ బుద్ధ నగర్ జిల్లాల్లో తిరగకూడదు. హైదరాబాదు నుంచి పాత డీజిలు బండిలో వద్దామనుకునేవాళ్ళు ఈ ముక్క ముందే చూసుకోండి. మావాళ్ళది బీఎస్ 6 పెట్రోలు, ఇబ్బంది లేదు. నాలుగో దశలో నిత్యావసరాలు తెచ్చేవి, కాలుష్యం తక్కువున్నవి తప్ప మిగిలిన లారీలకు ఢిల్లీలోకి ప్రవేశం లేదు. సామాన్ల లారీ వాళ్ళ గోడౌను ఢిల్లీ లోపల, కాబట్టి మావాళ్ళ సామానూ ఆగిపోయింది. ఏ కంపెనీ అని అడక్కండి, మంచమూ పరుపూ దారిలో ఉన్నాయన్న మాటే ప్రతిరోజూ వినిపించింది. ఆ రోజులన్నీ కొత్త దంపతులు నేల మీద, నేను ఇచ్చిన రజాయిలో.

రజాయి అంటే మన బొంత కాదు. మూడు నాలుగు కిలోల దూది ఏకి, గుడ్డలో పరిచి, చేత్తో కుట్టినది. చలికాలం మొదట్లో నోయిడా ఊళ్ళల్లో దూది ఏకే దుకాణాల ముందు పాత రజాయిల వరసలు. పాత దూది మళ్ళీ ఏకించి నింపించుకుంటారు. పానిపట్ కంబళ్ళు చవక, జైపూర్ రజాయిలు తేలిక, కానీ జనవరికి ఏకించిన దూదే గతి. మావాడు సొంత రజాయి చేయించుకుంటూ దుకాణం దగ్గర నిలబడి, ఆదిలాబాదు దారిలో దాటిన ట్రాక్టర్లను తలుచుకున్నాడట. ఆ దుకాణం బిస్‌రఖ్ ఊళ్ళోది. అన్నట్టు, ఆ ఊరివాళ్ళు రావణుడు తమ ఊళ్ళోనే పుట్టాడని నమ్ముతారు, దసరాకు రావణ దహనం చేయరు. సినిమాల్లో ఎన్టీ రామారావు వేసిన రావణుణ్ణి చూసి పెరిగిన మనవాళ్ళకు ఇంతకంటే మంచి ఇరుగుపొరుగు దొరకదు.

కోడలికి ఇప్పుడు అసలు పరీక్ష ఇడ్లీ పిండి. నోయిడా జనవరిలో రాత్రంతా బయట పెట్టినా పిండి రుబ్బినప్పుడు ఎంతుందో పొద్దున అంతే ఉంటుంది. ఇక్కడి తెలుగిళ్ళల్లో ఒక్కొక్కరిది ఒక్కో వైద్యం. ఒవెన్లో బల్బు వెలిగించి లోపల పెట్టేవాళ్ళు కొందరు, హాట్‌కేసులో పెట్టి పైన రజాయి కప్పేవాళ్ళు కొందరు. ఇంకొకావిడ గీజరు పైన పెడుతుంది. పెరుగుదీ అదే కథ. ఏమాటకామాటే, ఇడ్లీ పోయినా ఈ ఊరి చలికాలం ఆ లోటు కూరగాయల్లో తీరుస్తుంది. ఎర్ర క్యారెట్లు, పచ్చి బఠానీ, లేత మెంతికూర, పచ్చి వెల్లుల్లి. చెరువుల దగ్గరకు వలస పక్షులూ వస్తాయి. కాస్త గాలి బాగున్న ఆదివారం ఓఖ్లా పక్షుల కేంద్రానికి, అక్కడి నుంచి ఆంధ్రా భవన్ క్యాంటీనుకు తీసుకెళ్తానన్నాను. గాలి బాగున్న ఆదివారం కోసం చూస్తున్నాం.

బండి నంబరు సంగతి కూడా అడుగుతున్నారు చాలామంది. ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడ మళ్ళీ రిజిస్టరు చేయించాలి. అందుకు మొదట మన ఆర్టీవో నుంచి ఎన్వోసీ, తర్వాత ఇక్కడ రోడ్డు టాక్సు, ఆ తర్వాత అక్కడ కట్టినదాంట్లో మిగులు వాపసుకు అర్జీ. 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ తీసుకున్న వాళ్ళకు ఈ గొడవ ఉండదు. కానీ ఆ నంబరు ప్రభుత్వోద్యోగులకూ, కనీసం నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల వాళ్ళకూ మాత్రమే. మా కోడలు ఏడాది తర్వాత చూద్దామంది. ఏడాదిలో ఇంకో బదిలీ రాదని ఎవరు చెప్పారు?

ఇప్పుడు సొసైటీలో నడుస్తున్న గొడవ ఇది. జనవరి 13 సాయంత్రం పంజాబీల లోహ్రీ మంట. మన భోగి మంట కూడా ఆ దరిదాపుల్లోనే, కాకపోతే తెల్లవారుజామున. బయట చెత్త, కర్రలు కాల్చడం మీద నిషేధం ఉంది కాబట్టి కమిటీవాళ్ళు ఒక్కటే చిన్న మంట, అదీ సాయంత్రం అంటున్నారు. తెలుగువాళ్ళు ఆరిళ్ళు కలిసి, అదే మంటను తెల్లవారుజామున వేసుకుంటే పంజాబీలూ వచ్చి చలి కాచుకోవచ్చు కదా అని అర్జీ పెట్టారు. అర్జీ రాసింది మా కోడలు. పంజాబీ ఆంటీలు తెల్లవారుజామున నాలుగింటికి ఎవరు లేస్తారు అంటున్నారు. కమిటీ సమావేశం వచ్చే ఆదివారం. భోగికి పిడకలు ఎక్కడ దొరుకుతాయో మాత్రం తెలిసింది, బిస్‌రఖ్‌లో, ఆ దూది దుకాణం వెనక వీధిలో.